సెక్‌లాక్ పెట్టినా రీడర్‌కి కలగాపులగం రికార్డు వస్తోంది, ఎక్కడ చూడాలి?

గోదారిగట్టు
మోటార్ కంట్రోల్ బోర్డు ఒకటి మా టీమ్ చేతికి వచ్చింది. నాలుగు కోర్ల ఆర్మ్64, 6.1 కెర్నల్. డ్రైవర్ మేం రాసింది కాదు, బోర్డుతో పాటు వచ్చింది. అందులో చిన్న స్ట్రక్చర్ ఒకటి ఉంది: కోణం, వేగం, 64-బిట్ టైమ్‌స్టాంప్. సెన్సర్ ఇంటరప్ట్ వచ్చినప్పుడల్లా ఒకే ఒక్క థ్రెడ్ దాన్ని రాస్తుంది, సెకనుకి వెయ్యి సార్లు. చదివేవాళ్లు మాత్రం బోలెడు మంది. కంట్రోల్ లూప్ టైమర్ చదువుతుంది, లాగింగ్ చదువుతుంది, యూజర్ ప్రోగ్రాములు ఐఓసీటీఎల్ అనే సిస్టమ్ కాల్ ద్వారా చదువుతాయి.

మొదట్లో రీడ్-రైట్ లాక్ (చదివేవాళ్లు ఎందరైనా కలిసి పట్టుకోవచ్చు, రాసేవాడు ఒక్కడే) ఉండేదట. రీడర్లు పెరిగేసరికి రైటర్‌కి సందు దొరక్క శాంపిళ్లు పోతున్నాయని సెక్‌లాక్‌కి (రీడర్ లాక్ పట్టకుండా చదివి, మధ్యలో రాత జరిగితే మళ్లీ చదివే పద్ధతి) మార్చారు. ఇప్పుడు రెండు జబ్బులు పట్టుకున్నాయి. ఒకటి, ఎప్పుడో ఒకసారి లాగ్‌లో కొత్త కోణం, పాత టైమ్‌స్టాంప్ కలిసిన రికార్డు కనిపిస్తోంది. రెండోది ఇంకా అరుదు: ఒక కోర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, మిగతా కోర్ల నుంచి ఆర్‌సీయూ స్టాల్ వార్నింగులు (ఒక కోర్ చాలాసేపుగా కదలడం లేదనే హెచ్చరికలు) వస్తాయి. సెక్‌లాక్ ఉన్నదే సగం సగం చదవకుండా ఆపడానికి కదా, మరి ఇదెలా?

బెజవాడ_బిట్స్
రీడర్ కోడ్ పెట్టండి. రైటర్ సంగతి తర్వాత చూద్దాం.

మూడో_కన్ను
అసలు రీడ్-రైట్ లాక్‌ని కదపడమే అనవసరం. 6.1లో ఆర్మ్64 మీద ఆ లాక్ క్యూ పద్ధతిలో నడుస్తుంది. రైటర్ వచ్చి నిలబడ్డాక కొత్త రీడర్లు వెనకే ఆగాలి, ఇంటరప్ట్‌లోంచి వచ్చేవాళ్లు తప్ప. రైటర్‌కి సందు దొరకలేదంటే నేను నమ్మను.

ఓరుగల్లు_కోర్
@మూడో_కన్ను ఆ "తప్ప" కాడనే ఉంది అసలు సంగతి. టైమర్‌లకెళ్లి చదివేటోళ్లు ఉన్నరని గోదారి అన్న పైన్నే చెప్పిండు గదా. ఇంకోటేందంటే, రీడ్ లాక్ పట్టుకునుడు అంటే ఆ లాక్ పదాన్ని అటామిక్‌గ మార్చుడే. అంటే చదువుతా అని వచ్చినోడు గూడ మెమరీల రాస్తుండు. నాలుగు కోర్లు ఆ ఒక్క క్యాష్ లైన్‌ను ఇటు గుంజి అటు గుంజి సగం టైమ్ దాంట్లనే పోతది. మనకు కావాల్సింది ఇరవై బైట్లు. దానికింత లొల్లి ఎందుకు? సెక్‌లాక్‌ల రీడర్ ఒక్క బిట్ గూడ రాయడు.

ఫైనలియర్_పిల్ల
మా సిలబస్ సెమాఫోర్, మ్యూటెక్స్, రీడర్స్-రైటర్స్ ప్రాబ్లమ్ దగ్గరే అయిపోయింది, సెక్‌లాక్ పేరు ఇప్పుడే వింటున్నా. రీడర్ ఏమీ రాయకపోతే, ఒక రీడర్ లోపల ఉన్నాడని రైటర్‌కి ఎలా తెలుస్తుంది?

సీమ_సిస్టమ్స్
తెలీదమ్మా. తెలియాల్సిన పని కూడా లేదు, ఈ లాక్ గొప్పతనమే అది.

ఉన్నదల్లా ఒక కౌంటర్. రైటర్ పని మొదలుపెట్టేముందు దానికి ఒకటి కలుపుతాడు, అది బేసి సంఖ్య అవుతుంది. రాయడం అయిపోయాక ఇంకొకటి కలుపుతాడు, మళ్లీ సరి సంఖ్య. రీడర్ వచ్చి ముందు కౌంటర్ చూస్తాడు. బేసి అయితే లోపల రాత జరుగుతోందని లెక్క, సరి అయ్యేదాకా అక్కడే తిరుగుతాడు. సరి ఉంటే ఆ సంఖ్య గుర్తుపెట్టుకొని డేటా కాపీ చేసుకుంటాడు. చివర్లో కౌంటర్ మళ్లీ చూస్తాడు. అదే సంఖ్య ఉంటే కాపీ పనికొస్తుంది. మారిందా, కాపీ పారేసి మొదటికి రావాలి.

ఊళ్లో క్రికెట్ మ్యాచ్‌కి చేత్తో పలకలు తిప్పే స్కోరు బోర్డు పెడతారు చూడు. పిల్లోడు పరుగుల పలక మార్చి, వికెట్ల పలక ఇంకా మార్చకముందే నువ్వు చూస్తే అసలు ఏ బంతికీ లేని స్కోరు రాసుకుంటావు. నువ్వు చూస్తున్నావని వాడు చేయి ఆపడు. వాడు పలకల మీద చేయి వేశాడా లేదా అని చూసుకోవాల్సింది నువ్వే.

సగం చదవడం అంటే ఎంత ఘోరంగా ఉంటుందో నిజమైన అంకెల్లో చూపిస్తా. 32-బిట్ మెషిన్ మీద జిఫ్ఫీస్ అనే, టైమర్ టిక్‌లు లెక్కపెట్టే 64-బిట్ కౌంటర్ రెండు ముక్కలుగా ఉంటుంది. కింది ముక్క 4294967295, పై ముక్క 0 అనుకో. తర్వాతి టిక్‌కి కింద 0, పైన 1 అవుతాయి. రీడర్ కింది ముక్క పాతది, పై ముక్క కొత్తది తీసుకుంటే 8589934591 వస్తుంది. పెరిగింది ఒక్క టిక్, రీడర్‌కి కనబడింది దాదాపు రెట్టింపు. టిక్ రేటు సెకనుకి 1000 ఉంటే ఆ కింది ముక్క నిండడానికి 49.7 రోజులు పడుతుంది. ఇలాంటి బగ్గులు అంతకాలం దాక్కోకూడదని లైనక్స్‌లో జిఫ్ఫీస్‌ని కావాలనే బూట్ అయిన అయిదు నిమిషాలకి తిరగబడేలా మొదలుపెడతారు.

ఫైనలియర్_పిల్ల
అయిదు నిమిషాల సంగతి భలే ఉంది! ఇంకో డౌట్. ఆ సీక్వెన్స్ కౌంటర్ కూడా 32-బిట్టే కదా, అదీ తిరగబడుతుందిగా?

బెజవాడ_బిట్స్
@ఫైనలియర్_పిల్ల తిరగబడినా నష్టం లేదు. పోల్చేది సమానమా కాదా అని మాత్రమే, పెద్దదా చిన్నదా అని కాదు. ఒక్క రీడర్ కాపీ మధ్యలో ఇరుక్కుపోయి, ఆ లోపు సరిగ్గా 2147483648 రాతలు జరిగితేనే మోసపోతాడు. గోదారిగట్టు గారి సెకనుకి వెయ్యి లెక్కన అది దాదాపు 25 రోజులు. పాతిక రోజులు ఒక చదువు మధ్యలో కూర్చున్న రీడర్‌ని ఏ లాకూ కాపాడలేదు.

గోదారిగట్టు
ఆఫీసు కోడ్ యథాతథంగా పెట్టడం కుదరదు, వరుస చెబుతాను. డూ-వైల్ లూప్. మొదట రీడ్_సెక్‌బిగిన్ (కౌంటర్ చూసేది). తర్వాత కోణం, వేగం, టైమ్‌స్టాంప్ మూడూ లోకల్ వేరియబుల్స్‌లోకి. తర్వాత వాటిని లాగ్ ఫైఫోలోకి (లాగ్‌కి వెళ్లే క్యూ) తోసే కాల్. కింద వైల్‌లో రీడ్_సెక్‌రిట్రై (కౌంటర్ మళ్లీ చూసి, మారితే మళ్లీ చదివించేది).

ఇంకో ఆనవాలు కూడా ఉంది. కలగాపులగం రికార్డు కనబడిన ప్రతిచోటా దాని వెంటనే, అదే కోణంతో, సరైన టైమ్‌స్టాంప్ ఉన్న రికార్డు ఇంకోటి ఉంటోంది.

బెజవాడ_బిట్స్
దొరికింది. ఫైఫో కాల్ లూప్ లోపల ఉంది. తనిఖీకి ముందే సరుకు బయటికి పంపేస్తున్నారు. రిట్రై "ఇది చెల్లదు, మళ్లీ చదువు" అంటోంది, లూప్ బుద్ధిగా మళ్లీ చదివి మంచిది పంపుతోంది. కానీ చెడ్డది అప్పటికే ఫైఫోలో కూర్చుంది. ఆ వెనకాల వస్తున్న మంచి రికార్డే సాక్ష్యం. మీ సెక్‌లాక్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది.

ఓరుగల్లు_కోర్
కరెక్ట్ పట్టినవ్ భయ్యా. ఆ జంట రికార్డు చెప్పకపోతే బారియర్ల (మెమరీ చదువుడు, రాసుడు వరుస తప్పకుండ చూసేటివి) మీదకి పోయి రెండు రోజులు తిరుగుతుంటిమి.

సీమ_సిస్టమ్స్
దీనికి ఇంకొంచెం కలపాలి, చాలామంది ఇక్కడే పడతారు. లూప్‌లో చదివిన విలువని బయటికి పంపకపోయినా సరే, లోపల *వాడినా* ప్రమాదమే. కలగాపులగం విలువతో భాగించారనుకో, హారం సున్నా కావచ్చు. దాన్ని అర్రే ఇండెక్స్‌గా వాడితే హద్దు దాటొచ్చు. లూప్ నడిపే షరతుగా పెడితే ఎన్నిసార్లు తిరుగుతుందో తెలీదు. తనిఖీ దాకా బతికి ఉండాలి కదా తనిఖీ చేయడానికి! అందుకే సెక్‌లాక్ రీడర్‌లో కాపీ తప్ప ఇంకేమీ ఉండకూడదని నేను రివ్యూలో పట్టుబడతాను. లెక్కలు, ప్రింట్లు, ఫైఫోలు అన్నీ లూప్ బయట. రిట్రై ఒప్పుకునేదాకా చేతిలో ఉన్నది డేటా కాదు, డేటా అయ్యే అవకాశం ఉన్న బైట్లు మాత్రమే.

మూడో_కన్ను
ఇప్పుడు అర్థమవుతోందా నేనెందుకు వద్దంటున్నానో? రీడ్-రైట్ లాక్‌లో ఆ ఫైఫో కాల్ లోపల ఉన్నా ఏమీ అయ్యేది కాదు. మార్చినవాళ్లు లాక్ పేర్లు మార్చి లోపలి కోడ్ అలాగే ఉంచేశారు. టీమ్‌లో ఒక్కరికి తెలిసి పదిమందికి తెలియని పనిముట్టు డ్రైవర్లలో పెట్టకూడదు.

ఓరుగల్లు_కోర్
@మూడో_కన్ను ఆ బాధ నేను ఒప్పుకుంట. లాక్ మార్చుడంటే లోపల ఉన్న ప్రతి లైన్ మళ్ల చదవాలె. గని దానికి పనిముట్టునే పక్కకు పెడుదామంటే ఎట్ల? రాత చిన్నది, చదువుడు చానా, రైటర్ ఆగొద్దు. దీని కోసమే పుట్టింది గది.

గోదారిగట్టు
ఫైఫో కాల్ లూప్ బయటికి తెచ్చి రాత్రంతా నడిపాను, ఒక్క కలగాపులగం కూడా లేదు. బెజవాడ గారికి చాలా థాంక్సండి. రెండో జబ్బు మాత్రం పొద్దున్నే మళ్లీ వచ్చింది. బిగుసుకున్న కోర్ స్టాక్ ట్రేస్ దొరికింది: పైన కంట్రోల్ లూప్ హెచ్ఆర్‌టైమర్ కాల్‌బ్యాక్ రీడ్_సెక్‌బిగిన్‌లో తిరుగుతోంది, దాని కింద సెన్సర్ ఇంటరప్ట్ థ్రెడ్. రైటర్ మామూలు రైట్_సెక్‌లాక్ వాడుతోంది.

బెజవాడ_బిట్స్
రెండూ ఒకే కోర్ మీద ఉన్నాయి, ట్రేస్‌లోనే కనిపిస్తోంది. రైటర్ కౌంటర్‌ని బేసి చేశాడు. అక్కడే టైమర్ ఇంటరప్ట్ వచ్చి పడింది. కాల్‌బ్యాక్ సరి సంఖ్య కోసం చూస్తోంది. సరి చేయాల్సినవాడు దాని కిందే ఇరుక్కున్నాడు. రైట్_సెక్‌లాక్_ఐఆర్‌క్యూసేవ్ పెట్టండి, రాత అయ్యేదాకా ఆ కోర్ మీద ఇంటరప్టులు ఆపి ఉంచుతుంది.

సీమ_సిస్టమ్స్
ఈ రకం ఉరి ఎక్కడెక్కడి సర్వర్లకో ఒకేసారి పడిన రోజుంది.

2008 డిసెంబర్ 31న యూటీసీ లెక్కలో ఒక లీప్ సెకను కలిపారు. మన గడియారాల్లో అది జనవరి 1 పొద్దున 5:30కి ముందు సెకను. ఆ సమయానికి కొన్ని లైనక్స్ సర్వర్లు ఉన్నచోటే బిగుసుకుపోయాయి. కారణం సరిగ్గా ఇదే. అప్పట్లో సిస్టమ్ టైమ్ అంతా ఎక్స్‌టైమ్_లాక్ అనే సెక్‌లాక్ కింద ఉండేది. టైమర్ ఇంటరప్ట్ దాన్ని రాయడానికి పట్టుకుంది. ఆ పట్టులో ఉండగానే లీప్ సెకను కోడ్ "ఒక సెకను కలిపాను" అని ప్రింట్‌కే (కెర్నల్ లాగ్‌లో రాసే ఫంక్షన్) చేసింది. ప్రింట్‌కే పోయి లాగ్ డీమన్‌ని లేపబోయింది. లేపాలంటే షెడ్యూలర్ రావాలి, షెడ్యూలర్‌కి కొన్ని సందర్భాల్లో ఇప్పుడు టైమ్ ఎంత అన్నది కావాలి. టైమ్ కావాలంటే ఎక్స్‌టైమ్_లాక్‌ని రీడర్‌గా చూడాలి. కౌంటర్ బేసి. సరి చేయాల్సిన రైటర్ అదే స్టాక్‌లో కొన్ని ఫంక్షన్ల కింద ఉన్నాడు.

చూడు, ఒక్క లాగ్ మెసేజ్ కోసం! అది కొన్నేళ్లకోసారి మాత్రమే నడిచే దారి కాబట్టి టెస్టింగ్‌లో ఎవరికీ తగల్లేదు. అప్పటి నుంచి రైటర్ విభాగంలో ప్రింట్‌కే కనబడితే నేను ప్యాచ్ వెనక్కి పంపిస్తా.

ఫైనలియర్_పిల్ల
గోదారిగట్టు గారి కేసులో టైమర్ కాల్‌బ్యాక్, ఇక్కడ ప్రింట్‌కే. రెండిట్లోనూ రీడర్ రైటర్ నెత్తిన కూర్చున్నాడు, అంతేగా?

సీమ_సిస్టమ్స్
అంతే. సరిగ్గా పట్టావు.

మూడో_కన్ను
పూర్తిగా ఆర్‌సీయూకి మారితే ఈ రెండు జబ్బులూ ఉండవు. రీడర్ తిరగడు, మళ్లీ చదవడు, బేసి సరి గొడవే లేదు. రైటర్ కొత్త కాపీ తయారుచేసి పాయింటర్ మారుస్తాడు, పాతది గ్రేస్ పీరియడ్ (పాత రీడర్లంతా బయటపడేదాకా ఆగే సమయం) అయ్యాక ఫ్రీ అవుతుంది.

ఓరుగల్లు_కోర్
అన్నా, సెకనుకి వెయ్యి సార్లు మెమరీ అలొకేట్ చేసి వెయ్యి సార్లు ఫ్రీకి క్యూల పెడ్తవా, ఇరవై బైట్ల కోసం? పాయింటర్ల చెట్టు ఉంటె ఆర్‌సీయూ. గిట్ల బల్లపరుపు చిన్న డేటా అయితె సెక్‌లాక్.

మూడో_కన్ను
ఇరవై బైట్లకి ఒప్పుకుంటా. కానీ రేపు ఎవరో ఆ స్ట్రక్చర్‌లో కాలిబ్రేషన్ టేబుల్‌కి పాయింటర్ చేరుస్తారు. అప్పుడు?

సీమ_సిస్టమ్స్
అప్పుడు @మూడో_కన్ను మాటే నెగ్గుతుంది. సెక్‌లాక్ ఒక్కటే ఉంటే పాయింటర్ వెంట పోకూడదు. రీడర్ పాయింటర్ తీసుకున్నాక రైటర్ దాన్ని ఫ్రీ చేస్తే, రిట్రై అడిగే లోపే రీడర్ పోయిన మెమరీలో కాలు పెట్టేస్తాడు.

అయితే ఈ రెండూ శత్రువులు కావు, కలిపి వాడిన చోటు కెర్నల్ నడిబొడ్డునే ఉంది. 2011లో వచ్చిన 2.6.38లో నిక్ పిగ్గిన్ పాత్ వెతుకులాటని మార్చారు. ఫైల్ తెరిచేటప్పుడు పాత్‌లో ప్రతి డైరెక్టరీ దగ్గరా రెఫరెన్స్ కౌంట్ (ఎందరు వాడుతున్నారనే లెక్క) పెంచి తగ్గించడం మానేశారు. డెంట్రీ (పాత్‌లో ఒక్కో పేరుకి కెర్నల్ ఉంచుకునే రికార్డు) ఫ్రీ అయిపోకుండా ఆర్‌సీయూ కాపాడుతుంది. పేరు, పేరెంట్ మధ్యలో మారలేదని డీ_సెక్ అనే సీక్వెన్స్ కౌంటర్ తేలుస్తుంది. ఒకటి ప్రాణానికి హామీ, ఇంకోటి పొందికకి. కుదరకపోతే పాత పద్ధతికి దిగి రెఫరెన్సులు తీసుకుంటూ నడుస్తుంది.

బెజవాడ_బిట్స్
పక్కనే రీనేమ్_లాక్ కూడా చూడండి. పూర్తి పాత్ పేరు కూర్చేటప్పుడు మొదటిసారి లాక్ లేకుండా ప్రయత్నిస్తుంది. మధ్యలో రీనేమ్ జరిగితే రెండోసారి లాక్ పట్టుకునే నడుస్తుంది. రైటర్లు ఎక్కువైతే రీడర్ పనే అవ్వదు అన్న భయానికి అదే మందు: రీడ్_సెక్‌బిగిన్_ఆర్_లాక్.

ఆస్టిన్_నుంచి
ఆలస్యంగా చూశాను. రీడర్ ఏమీ రాయడు అన్న ఓరుగల్లు గారి మాటకి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ఎవరూ తేలేదు: వీడీఎస్ఓ. క్లాక్_గెట్‌టైమ్ పిలిచినప్పుడు చాలాసార్లు సిస్టమ్ కాలే జరగదు. కెర్నల్ టైమ్ డేటా ఉన్న పేజీని ప్రతి ప్రాసెస్‌కీ చదవడానికి మాత్రమే మ్యాప్ చేసి ఇస్తుంది. యూజర్ కోడ్ సీక్వెన్స్ చూసి, చదివి, మళ్లీ చూసుకుంటుంది. ఇక్కడ ఏ మామూలు లాకూ పనికిరాదు. లాక్ పట్టాలంటే రాయాలి, రాయనిస్తే ఏదో ఒక ప్రోగ్రామ్ లాక్ పట్టుకుని కూర్చుని కెర్నల్ గడియారాన్నే ఆపేస్తుంది.

అసలు సెక్‌లాక్ పుట్టిందే టైమ్ చదవడం కోసం. ఎక్స్86-64 గెట్‌టైమ్‌ఆఫ్‌డే కోసం ఆండ్రియా ఆర్కాంజెలీ రాసిన పద్ధతిని స్టీఫెన్ హెమ్మింజర్ అందరూ వాడుకునేలా తీర్చారు. మొదట ఎఫ్ఆర్‌లాక్ అన్నారు. 2003లో 2.5.60తో కెర్నల్‌లోకి వచ్చింది. వెర్షన్ నంబర్లు పెట్టి లాక్ లేకుండా చదవడం అనే ఆలోచన అయితే లెస్లీ లాంపోర్ట్ 1977లోనే పేపర్‌గా రాశారు.

నా పని సీ++ యూజర్‌స్పేస్‌లో. అక్కడ సెక్‌లాక్ సొంతంగా రాసుకునేవాళ్లు దాదాపు అందరూ ఒకేచోట పడతారు. రెండోసారి కౌంటర్ చదివేదాన్ని అక్వైర్ లోడ్ చేసి సరిపోయింది అనుకుంటారు. సరిపోదు. అక్వైర్ తన *తర్వాతి* పనులు పైకి పాకకుండా ఆపుతుంది, తన *ముందున్న* డేటా లోడ్లు కిందికి జారకుండా ఆపదు. డేటా చదవడం కౌంటర్ తనిఖీ కన్నా కిందికి జారితే తనిఖీకి అర్థమే లేదు. డేటా లోడ్లకీ రెండో కౌంటర్ లోడ్‌కీ మధ్యలో అక్వైర్ ఫెన్స్ (పైన ఉన్న లోడ్లు కిందికి జారకుండా ఆపే గట్టు) పెట్టాలి, డేటా ఫీల్డులు కూడా రిలాక్స్‌డ్ అటామిక్స్‌గా (వరుస హామీ లేకపోయినా ముక్కలవకుండా) చదవాలి. హాన్స్ బోమ్ 2012లో దీని మీదే పేపర్ రాశారు. అది చదవకుండా ఎవరూ సొంత సెక్‌లాక్ రాయొద్దని నా విన్నపం.

ఫైనలియర్_పిల్ల
నా ల్యాప్‌టాప్‌లో ఆ ఫెన్స్ తీసేసి రాశా, నడుస్తోందే?

ఆస్టిన్_నుంచి
ఇంటెల్ లేదా ఏఎండీ అయి ఉంటుందమ్మా. ఎక్స్86లో ఒక లోడ్ ఇంకో లోడ్‌ని దాటినట్టు మిగతా కోర్లకి కనబడదు, అందుకని కెర్నల్‌లో ఎస్ఎంపీ_ఆర్ఎంబీ అనే రీడ్ బారియర్ కూడా అక్కడ కంపైలర్‌కి చెప్పే మాటగానే మిగులుతుంది. ఆర్మ్ మీద అది నిజం ఇన్‌స్ట్రక్షన్. అదే కోడ్ ఆర్మ్ బోర్డు మీద వేసి లోడ్ పెంచి చూడు. కంపైలర్ మనసు మారినా ఎక్స్86 మీదే పగిలిపోవచ్చు.

ఓరుగల్లు_కోర్
గందుకే కెర్నల్ లోపల ఉన్నోళ్లు సొంతంగ రాయొద్దు, రీడ్_సెక్‌బిగిన్, రీడ్_సెక్‌రిట్రై వాడితె బారియర్లు అండ్లనే ఉంటయి.

గోదారిగట్టు
ఐఆర్‌క్యూసేవ్ పెట్టాక బిగుసుకోవడం ఆగింది. టైమర్‌నీ సెన్సర్ ఇంటరప్ట్‌నీ కావాలనే ఒకే కోర్‌కి కట్టేసి రోజంతా నడిపాం, నిలబడింది. ఇక ఒక్క ప్రశ్న మిగిలింది. ఇదే డ్రైవర్‌ని తర్వాత రియల్‌టైమ్ కెర్నల్ మీదకి తీసుకెళ్లాలి. అక్కడ ఏమైనా చూసుకోవాలా?

బెజవాడ_బిట్స్
చూసుకోవాలి. రియల్‌టైమ్ కెర్నల్ అంటే ప్రీఎంప్ట్_ఆర్‌టీలో, సెక్‌లాక్ రైటర్ పట్టుకునే స్పిన్‌లాక్ నిద్రపోగల లాక్ అవుతుంది, అంటే రాత మధ్యలో రైటర్‌ని ఇంకో టాస్క్ పక్కకి తోసేయొచ్చు. ఆ తోసినవాడే ఎక్కువ ప్రయారిటీ ఉన్న రీడర్ అయితే సరి సంఖ్య కోసం తిరుగుతూనే ఉంటాడు, కింద ఉన్న రైటర్‌కి సీపీయూ దొరకదు. మీ టైమర్ కథే, ఈసారి థ్రెడ్ల మధ్య.

సీమ_సిస్టమ్స్
2020లో దీనికి దారి చేశారు. సీక్వెన్స్ కౌంటర్‌కి అది ఏ లాక్ కింద రాయబడుతుందో కట్టి చెప్పొచ్చు: సెక్‌కౌంట్_స్పిన్‌లాక్_టీ, సెక్‌కౌంట్_మ్యూటెక్స్_టీ లాంటివి, 5.9లో వచ్చాయి. ఆర్‌టీ కెర్నల్‌లో బేసి కనబడితే రీడర్ ఊరికే తిరగకుండా ఆ లాక్‌ని ఒకసారి పట్టి వదులుతాడు. దాంతో రైటర్‌కి రీడర్ ప్రయారిటీ అంటుకుని పని ముగుస్తుంది. మామూలు సెక్‌లాక్_టీ లోపల కూడా ఇదే ఉంది కాబట్టి మీరు అది వాడుతుంటే మార్చాల్సింది లేదు. విడి సెక్‌కౌంట్_టీ పెట్టుకున్నవాళ్లే జాగ్రత్త పడాలి. దానికి లోపల లాకే ఉండదు, ఇద్దరు రైటర్లు వస్తే కౌంటర్ బేసి సరి లెక్క తప్పి రీడర్‌కి చెడ్డది మంచిదని చెబుతుంది.

గోదారిగట్టు
మా డివైస్ స్ట్రక్చర్‌లో ఇప్పటికే వేరే పనికి ఒక స్పిన్‌లాక్ ఉంది, సెన్సర్ థ్రెడ్ దాన్ని పట్టుకునే ఉంటుంది. అలాంటప్పుడు సెక్‌లాక్_టీ పెడితే రెండు లాకులు అవుతాయి కదా. సెక్‌కౌంట్_స్పిన్‌లాక్_టీకి మారడం మేలా?

సీమ_సిస్టమ్స్
మేలే. ఆ స్పిన్‌లాక్‌ని అన్నిచోట్లా ఐఆర్‌క్యూసేవ్‌తోనే పట్టుకుంటున్నారో లేదో ముందు చూడండి. లాక్‌డెప్ (లాక్ తప్పులు పట్టే కెర్నల్ తనిఖీ) ఆన్ చేసి నడిపితే, ఆ లాక్ లేకుండా ఎవరైనా రాయబోయిన చోట అదే అరిచి చెబుతుంది.

ఓరుగల్లు_కోర్
కాలిబ్రేషన్ టేబుల్ పాయింటర్ మాత్రం అండ్ల చేర్చకుండ్రి. స్ట్రక్చర్ మీద కామెంట్ రాసి పెట్టుండ్రి, వచ్చేటోళ్లకు తెలుస్తది.

గోదారిగట్టు
కామెంట్ రాశాను. ప్యాచ్ లాక్‌డెప్‌తో నడుస్తోంది, ఐఆర్‌క్యూసేవ్ లేకుండా ఆ స్పిన్‌లాక్ పట్టుకున్న చోటు సస్పెండ్ దారిలో ఒకటి బయటపడింది. అది సరిచేసి మళ్లీ పెడతాను.